కార్నెల్ గెలిస్తే మనకేంది?

2025 మే 26, సోమవారం. అమెరికాలో మెమోరియల్ డే సెలవు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు బోస్టన్ దగ్గర ఫాక్స్‌బరోలోని జిలెట్ స్టేడియంలో కార్నెల్, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాల మధ్య లాక్రోస్ ఫైనల్. మన గడియారంలో రాత్రి పదిన్నర. గూడూరు దాటి నెల్లూరు వైపు వచ్చేవాళ్లకు హైవే పక్కనే తగిలే మనుబోలులో ఆ ఆట పేరు విన్నవాళ్లు ఎందరుంటారో గానీ, దాని మీద గొంతు పెంచి వాదించుకున్నవాళ్లు మాత్రం ముందు రోజు సాయంత్రం ఇద్దరు తేలారు. ఒకరు మసాచుసెట్స్ నుంచి పుట్టింటికి వచ్చిన ఇల్లాలు. రెండో ఆయన ఆమె మేనమామ, జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. ఆమె కూతురు అక్కడ పదో తరగతి, స్కూలు లాక్రోస్ జట్టులో ఆడుతుంది. సెలవులకు వస్తూ ఆ పిల్ల ఆట కర్రను కూడా పెట్టెలో తెచ్చుకుంది. గొడవ ఆ కర్ర దగ్గరే మొదలైంది.

“ఇదేంది, చేపలు పట్టేదా?” అన్నారు మాస్టారు, కర్ర కొసన ఉన్న వల బుట్టను వేళ్లతో సాగదీసి చూస్తూ.

చేపలు కాదు, బంతి పట్టేది. గట్టి రబ్బరు బంతి, గూడూరు మార్కెట్టుకు వచ్చే నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. దాన్ని చేత్తో ముట్టకుండా ఈ వలలో పట్టుకుని పరుగెత్తాలి, వలతోనే విసరాలి, ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు గోల్లో వేయాలి. మగవాళ్ల కాలేజీ ఆటలో జట్టుకు పదిమంది: ముగ్గురు ముందు, ముగ్గురు మధ్యలో, ముగ్గురు వెనక, ఒక గోలీ. పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగు. మేనకోడలు ఇదంతా చెప్పి, రేపు రాత్రి ఫైనల్ తన ఫోన్లో చూద్దువు రమ్మంది.

“వాళ్లు గెలిస్తే మనకేంది, ఓడితే మనకేంది?”

“మధ్యాహ్నమంతా టీవీ ముందు కూర్చున్నావు గదా మామా, చెన్నై వాళ్లు నీకు ఏమవుతారు?”

దెబ్బ తగిలింది. ఆ ఆదివారం అహ్మదాబాద్‌లో చెన్నై సూపర్ కింగ్స్ గుజరాత్‌ను 83 పరుగుల తేడాతో ఓడించింది. గెలిచినా పట్టికలో అట్టడుగునే మిగిలింది. మాస్టారు చివరి వికెట్ పడేదాకా లేవలేదు. రోహిణి కార్తె మొదటి రోజు ఎండకు ఇల్లు కదలలేకపోయానని సంజాయిషీ ఇచ్చుకున్నారు గానీ అది ఎవరూ నమ్మలేదు.

“సరే, నీ కార్నెల్ ఈ యేడు ఏం చేసిందో చెప్పు” అన్నారు ఆయన. పదవి పోయినా పీఈటీ బుద్ధి పోదు. స్కోర్లు వినాలనిపించింది.

ఆమె చెప్పింది. కార్నెల్ టోర్నమెంటులో ఒకటో సీడు, మేరీల్యాండ్ రెండో సీడు. సీజన్ మొత్తంలో కార్నెల్ ఓడింది ఒకే ఒక్కసారి, పెన్ స్టేట్ చేతిలో. టోర్నమెంటు మొదటి రౌండులో ఆల్బనీ మీద 15–6. క్వార్టర్ ఫైనల్లో రిచ్‌మండ్ మీద 13–12. నిన్న శనివారం సెమీస్‌లో అదే పెన్ స్టేట్ మీద 11–9, పాత బాకీ తీరింది. అవతల మేరీల్యాండ్ ఎయిర్ ఫోర్స్‌ను 13–5తో, జార్జ్‌టౌన్‌ను 9–6తో, సిరక్యూజ్‌ను 14–8తో కొట్టి వచ్చింది. కార్నెల్ చివరిసారి టైటిల్ గెలిచింది 1977లో. ఆ తర్వాత ఐదుసార్లు ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయింది. 2009లో మరీ ఘోరం: ఆఖరి నాలుగు సెకన్ల దాకా ఒక గోల్ ఆధిక్యంలో ఉండి, సిరక్యూజ్‌కు గోల్ ఇచ్చి, అదనపు సమయంలో 10–9తో పోగొట్టుకుంది. 2022లో ఇదే మేరీల్యాండ్ 9–7తో ఓడించింది.

మాస్టారు వేళ్ల మీద లెక్క కట్టారు. “మూడు మ్యాచుల్లో మేరీల్యాండ్ ఇచ్చింది పంతొమ్మిది గోల్స్. మీవాళ్లు ఇచ్చింది ఇరవయ్యేడు. మీ తేడా చూడు: తొమ్మిది, ఒకటి, రెండు. వాళ్లది ఎనిమిది, మూడు, ఆరు. వెనక గట్టిగా ఉండేవాడిదే కప్పు. రాసి పెట్టుకో, మేరీల్యాండే.”

“మాకు సీజే కిర్స్ట్ ఉన్నాడు.”

“ఒక్కడా?”

“ఒక్కడే గానీ, అమెరికా మగవాళ్ల ఫస్ట్ డివిజన్ కాలేజీ లాక్రోస్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినోడు. ఐదుగురు అన్నదమ్ములు మామా, ఐదుగురూ లాక్రోసే. న్యూజెర్సీ పిల్లోళ్లు. పదేళ్ల కింద నాయన పోయాడు.”

అన్నదమ్ముల సంగతికి మాస్టారు కొంచెం మెత్తబడ్డారు గానీ మాట మార్చుకోలేదు. స్టార్ ఆటగాడిని నమ్ముకున్న జట్లు ఫైనల్లో బోల్తా పడటం ఆయన మండల స్థాయి కబడ్డీలో చాలాసార్లు చూశారు.

స్కోర్లతో ఈ సంవాదం ముగిసేది. కానీ మేనకోడలు ఊరుకోలేక, ఇది అమెరికా దొరల ఆట కాదని, అక్కడి మూలవాసులదని చెప్పింది. హోడెనోషోనీ అనే ఆరు జాతుల సమాఖ్యకు ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట. జబ్బు చేసినవాళ్లు కోలుకోవాలని కూడా ఆడతారు. 1763 జూన్ 2న ఇప్పటి మిషిగన్‌లోని మిషిలిమాకినాక్ కోట బయట ఓజిబ్వే మూలవాసులు ఈ ఆట ఆడుతూ, చూస్తున్న బ్రిటిష్ సిపాయిలను ఏమరుపాటులో ఉంచి, బంతిని కోట గుమ్మం వైపు విసిరి, దాని వెనకే లోపలికి దూరిపోయారు. ఆడవాళ్లు దుప్పట్ల కింద దాచి తెచ్చిన ఆయుధాలు అందించారు. కోట వాళ్ల చేతికొచ్చింది.

“అద్గదీ!” అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం ఆయన పూర్తిగా మెచ్చుకున్నది ఆ ఒక్క మ్యాచ్‌నే.

“తర్వాత?”

తర్వాత కథ అంత బాగుండదు. 1867 ప్రాంతంలో మాంట్రియల్‌కు చెందిన జార్జ్ బీర్స్ అనే పళ్ల డాక్టరు ఈ ఆటకు రూల్సు రాశాడు. మైదానం కొలిచాడు, మనుషులను లెక్క పెట్టాడు. 1880లో కెనడా సంఘం డబ్బు తీసుకుని ఆడేవాళ్లకు పోటీల్లో చోటు లేదంది. దారి ఖర్చులకు డబ్బు తీసుకోక తప్పని మూలవాసులు అట్లా పోటీల బయటే మిగిలారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మోహాక్ మూలవాసుల జట్టు ఒకటి ఆడి కాంస్యం తెచ్చుకుంది. మొదటి రెండు పతకాలూ తెల్లవాళ్ల జట్లవే. 2010లో ప్రపంచ పోటీలకు మాంచెస్టర్ వెళ్లాల్సిన ఇరొక్వా జట్టు, అంటే హోడెనోషోనీల జట్టే, తమ జాతి ఇచ్చిన పాస్‌పోర్టులతోనే వస్తామంటే బ్రిటన్ ఒప్పుకోలేదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటే పని అయిపోయేది. వాళ్లు తీసుకోలేదు, మ్యాచులు వదులుకున్నారు.

ఇక్కడ మాస్టారికి ఆయుధం దొరికింది. “అంటే ఆట వాళ్లది. కప్పు మీ కార్నెల్‌ది. ఆ కార్నెల్ ఉండే భూమి ఎవరిది?”

ఆమె అబద్ధం చెప్పలేదు. కార్నెల్ ఉన్న ఇథాకా ఊరు కయూగాల నేల. ఆ కయూగాలు హోడెనోషోనీ సమాఖ్యలోని ఆరు జాతుల్లో ఒకరు. విశ్వవిద్యాలయమే ఈ మాట బహిరంగంగా ఒప్పుకుంటుంది.

“నేల తీసుకుని, ఆట తీసుకుని, పళ్ల డాక్టరు చేత రూల్సు రాయించి, ఇప్పుడు ఫైనల్ చూడమంటావా నన్ను?”

ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు, మేనకోడలు కూడా ఇవ్వలేదు. అవతలి మాట ఒకటి చెప్పింది. ఆట చచ్చిపోకుండా కాపాడినదాంట్లో కాలేజీలకూ భాగం ఉంది. 1877లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం, మాన్‌హాటన్ కాలేజీ ఆడినప్పటి నుంచి ఇది కాలేజీల మధ్య నడుస్తోంది. మొదటి రౌండులో కార్నెల్ చేతిలో ఓడిన ఆల్బనీకే ఒనొండాగా జాతికి చెందిన లైల్, మైల్స్ థాంప్సన్ అన్నదమ్ములు ఆడారు. ప్రపంచ పోటీల్లో హోడెనోషోనీ మగవాళ్లు 2014, 2018, 2023లో వరసగా కాంస్యం గెలిచారు. అమెరికా, కెనడాలను వదిలేస్తే మిగతా లోకంలో వాళ్లను మించినవాళ్లు లేరు. “ఆట లాక్కున్నారు, నిజమే. కానీ వాళ్లు ఆడటం మానలేదు గదా మామా.”

ఇక ఒలింపిక్స్. లాక్రోస్‌ను 2028 లాస్ ఏంజలెస్ క్రీడల్లో చేర్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తీర్మానించింది ఎక్కడో కాదు, ముంబైలో, 2023 అక్టోబర్ 16న. క్రికెట్‌ను తిరిగి చేర్చిందీ ఆ రోజే, అదే ఓటుతో. మన పేపర్లన్నీ క్రికెట్ గురించి పెద్దక్షరాల్లో వేసుకున్నాయి, పక్కనున్న పేరు ఎవరూ చూడలేదు. అక్కడ ఆడబోయేది ఆరుగురి ఆట: చిన్న మైదానం, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు, ముప్పై సెకన్లలో గోల్ వైపు కొట్టాలి. మగవాళ్లవి ఆరు జట్లు, ఆడవాళ్లవి ఆరు జట్లు. అంతే.

“వాటిల్లో ఆట పుట్టించినోళ్ల జట్టు ఉండాదా?”

“తెలీదు మామా. వాళ్లకు ఒలింపిక్ కమిటీ లేదు. 2023 డిసెంబరులో బైడెన్ వాళ్లను ఆడనివ్వమని అడిగాడు. ఇంకా తేల్లేదు.”

మాస్టారు ఈసారి గెలిచినట్టు నవ్వలేదు. ఆయన మనసు వేరే చోటికి పోయింది. చెడుగుడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ అప్పుడు అమరావతి, అంటే మహారాష్ట్ర అమరావతి, హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు అక్కడికి పోయి కబడ్డీ ఆడి చూపించారు. ఆసియా క్రీడల్లోకి రావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. ఒలింపిక్స్‌లోకి ఇంకా రాలేదు. “పళ్ల డాక్టరు రూల్సు రాస్తే చేర్చుకుంటారు, మన కూత మాత్రం వాళ్ల చెవికెక్కదు. జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్పు జరిగితే మగపిల్లలూ ఆడపిల్లలూ ఇద్దరూ గెలిచారు. మన ఆంధ్రా నుంచి పోతిరెడ్డి శివారెడ్డి ఆడాడు. ఈ వీధిలో ఎవురినన్నా అడుగు, ఆ పేరు చెప్తారేమో. నువ్వేమో యాడనో ఉండే కార్నెల్ స్కోర్లు చదువుతుండావు.”

ఇది న్యాయమైన ఫిర్యాదే. ఈ సంవాదంలో ఆయన మాటకు అన్నిటికంటే బలం ఇక్కడే. మేనకోడలికి ఖోఖో కప్పు సంగతి నిజంగానే తెలియదు.

ఆమె ఎదురుదాడి కాలేజీ వైపు నుంచి వచ్చింది. కార్నెల్ ఐవీ లీగ్‌లో ఉంది. ఆ లీగ్‌లోని ఎనిమిది విశ్వవిద్యాలయాల్లోనూ ఆటగాళ్లకు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఉండదు. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు అందరికీ ఇచ్చే సాయమే వీళ్లకూ. పొద్దున ప్రాక్టీసు, పగలు క్లాసు, పరీక్షలు తప్పవు. కోచ్ కానర్ బుజెక్ ఒకప్పుడు ఇదే జట్టులో ఆడినవాడే. “ఇక్కడ టెన్త్‌లో డిస్ట్రిక్ట్‌కి ఆడిన పిల్లోడిని ఇంటర్‌లో యాడ చేరుస్తారు మామా? గ్రౌండు కూడా లేని కాలేజీలో. పొద్దున ఐదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్లు. రెండేళ్ల తర్వాత వాడు మళ్లీ ఆడినట్టు నువ్వెప్పుడైనా చూశావా?”

ఆయన చూడలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన తయారు చేసిన పిల్లల్లో చాలామంది ఆట ఆగింది ఆ రెండేళ్లలోనే. జూనియర్ కాలేజీ మాట ఎత్తితే ఆయనకు ఇప్పటికీ బీపీ లేస్తుంది. ఆ కోపంలో ఆయన తన పక్షం వదిలి మేనకోడలి పక్షాన కొంతసేపు మాట్లాడారు, ఆ సంగతి ఆయనే గమనించలేదు.

ఆమె గమనించింది, ఇంకో పేరు వేసింది. “నిశేష్ బసవరెడ్డి.”

“మనోడు గదా!”

మనోడే. నిశేష్ తల్లిదండ్రులు నెల్లూరు నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. పిల్లవాడు పుట్టింది కాలిఫోర్నియాలో. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జట్టుకు టెన్నిస్ ఆడి, 2024 చివర ప్రొఫెషనల్‌గా మారి, 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో నోవాక్ జొకోవిచ్ దగ్గర మొదటి సెట్ 6–4తో లాక్కున్నాడు. తర్వాతి మూడు సెట్లూ పోయాయి, అది వేరే మాట. అప్పుడు నెల్లూరంతా వాట్సాప్‌లో ఆ స్కోరే. “కాలేజీలో ఆడుకుంటూ చదివి పైకొచ్చాడు మామా. ఇక్కడైతే ర్యాంకు కోసం బ్యాటు అటక మీద పెట్టించేవాళ్లం.”

“వాడు బ్యాటు పట్టింది కాలేజీలో కాదమ్మా, చిన్నప్పుడు. అప్పటి నుంచి కోచ్‌కు, కోర్టుకు, టోర్నమెంట్లకు డబ్బు పెట్టింది ఇంట్లోవాళ్లు. మనుబోలులో ఎవురు పెడతారు? నీ కూతురి కర్ర ఎంత?”

ఆమె కర్ర ధర చెప్పలేదు. తల మీద హెల్మెట్, చేతి తొడుగులు, భుజాలకు రక్షణ, ఇవన్నీ మగపిల్లల ఆటలో తప్పనిసరి అని, ఆడపిల్లల ఆటలో ఒంటికి ఒళ్లు తగలనివ్వరు కాబట్టి కళ్లద్దాలు, పళ్ల రక్షణ చాలునని చెప్పి తప్పించుకోబోయింది. మాస్టారు వదల్లేదు. ఆటలో ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయా అని అడిగారు. ఉన్నాయి. కార్నెల్‌లోనే. 2004 మార్చి 17న సొంత మైదానంలో బింగ్‌హామ్‌టన్‌తో ఆడుతుండగా, జార్జ్ బొయార్డి అనే సీనియర్ అవతలివాడి షాట్‌కు అడ్డు నిలబడ్డాడు. బంతి ఛాతీకి తగిలింది. అక్కడికక్కడే కూలి చనిపోయాడు. అతని 21 నంబరు ఆ జట్టుకు ఇప్పటికీ పూజ్యమైనది. గుండె మీద పడే దెబ్బను తట్టుకునే ప్రమాణం ఉన్న ఛాతీ రక్షణ కాలేజీ మగవాళ్ల ఆటలో 2022 నుంచి తప్పనిసరి అయింది.

“పద్దెనిమిదేళ్లు పట్టింది” అన్నారు మాస్టారు. తర్వాత కొంచెం సేపు ఇద్దరూ ఏమీ అనలేదు. పీఈటీగా పనిచేసినవాళ్లకు గ్రౌండులో పిల్లవాడు పడిపోయి లేవకపోవడం కంటే పెద్ద భయం లేదు.

మళ్లీ మొదలుపెట్టింది ఆయనే, ఈసారి ఇంకా పదునుగా. లాక్రోస్ ఖరీదైన స్కూళ్ల ఆట అని, పెద్ద విశ్వవిద్యాలయాల్లో సీటుకు దొడ్డిదారి అని ఆయనకు ఎవరో చెప్పారట. ఇందులో సగం నిజముంది. 2019 మార్చిలో బోస్టన్ ప్రాసిక్యూటర్లు యాభై మంది మీద కేసు పెట్టారు: డబ్బున్న తల్లిదండ్రులు కోచ్‌లకు లంచాలిచ్చి, పడవ ఎక్కని పిల్లలను పడవ పందెం ఆటగాళ్లుగా చూపించి సీట్లు కొన్నారు. ఆ చిట్టాలో యేల్, స్టాన్‌ఫర్డ్, జార్జ్‌టౌన్ కోచ్‌లున్నారు. కార్నెల్ లేదు, లాక్రోస్ కోచ్ ఎవరూ లేరు. ఆమె ఈ తేడా గట్టిగా చెప్పింది. ఆయన మాత్రం ఆట కోటా ఉన్న ప్రతిచోటా దొంగ సర్టిఫికెట్టు ఉంటుందని, అది మన దగ్గరా ఉందని, అమెరికా వాళ్లు ఏం తక్కువ తినలేదని తేల్చారు. ఇక్కడ ఎవరూ గెలవలేదు.

“రేపు రాత్రి చూస్తావా, చూడవా?”

“మేరీల్యాండ్ గెలిచేది చూస్తా.”

చూశారు. కార్నెల్ గెలిచింది, 13–10. 1971లో ఈ జాతీయ టోర్నమెంటు మొదలైన ఏడాది ఫైనల్ కూడా ఈ రెండు జట్ల మధ్యే. అప్పుడు కార్నెల్ 12–6తో నెగ్గింది. ఇప్పుడు 48 ఏళ్ల తర్వాత టైటిల్ ఇథాకాకు తిరిగి వచ్చింది. కిర్స్ట్ ఒక్కడే ఆరు గోల్స్ కొట్టాడు. ముందు మూడు మ్యాచుల్లో ఎనిమిదికి మించి గోల్స్ ఇవ్వని మేరీల్యాండ్ ఆ రోజు పదమూడు ఇచ్చుకుంది. డిఫెన్సు లెక్క ఎక్కడ తప్పిందో మాస్టారు మరుసటి రోజంతా మేనకోడలి చేత హైలైట్లు పెట్టించుకుని చూశారని ఇంట్లోవాళ్ల మాట. కార్నెల్ గెలిస్తే మనకేంది అన్న ప్రశ్న మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. తీసుకోనక్కర్లేదు కూడా, ఆ సాయంత్రం వచ్చిన మంచి మాటలన్నీ ఆ ప్రశ్న లాగినవే.

ఆ వారంలోనే కిర్స్ట్‌కు అమెరికా కాలేజీ లాక్రోస్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే టెవారటన్ ట్రోఫీ దక్కింది. కర్ర పట్టుకుని పరుగెత్తే మోహాక్ ఆటగాడి కంచు బొమ్మ అది. 2001 నుంచి ఇస్తున్న ఈ ట్రోఫీని 2014లో లైల్, మైల్స్ థాంప్సన్ అన్నదమ్ములు పంచుకున్నారు. మరుసటి ఏడు లైల్ ఒక్కడే గెలుచుకున్నాడు.